సంశయ లాభం ఎవరి సొత్తు? శిక్షల తూకంలో కులం

రెండు నేరాలతో మొదలు పెడదాం. రెండూ ఒకే గుంటూరు జిల్లాలో, పందొమ్మిది నెలల తేడాలో జరిగాయి.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. పోలీసులు వాడలోకి వచ్చిన రోజునే, భయపడి పొలాల్లోకి పరుగెత్తిన మగవాళ్ళని వెంటాడి మరీ చంపారు. కొందరి శవాల్ని గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పారేశారు.

1993 మార్చి 8న చిలకలూరిపేట వెళ్ళే ఆర్టీసీ బస్సును దోచుకోవాలని ఎక్కిన ఇద్దరు దళిత యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. ఇరవై ముగ్గురు ప్రయాణికులు కాలి చనిపోయారు.

రెండూ ఘోరాలే. బస్సులో కాలిపోయిన వాళ్ళ ప్రాణాల విలువ తగ్గించే మాట ఒక్కటి కూడా మేం ఈ వ్యాసంలో అనబోం. ఆ ఇరవై ముగ్గురూ ఏ పాపం ఎరగని వాళ్ళు. మేం అడుగుతున్నది వేరే సంగతి. ఈ రెండు నేరాల్నీ ఒకే చట్టం, ఒకే కోర్టుల వ్యవస్థ చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఏం చేసింది?

బస్సు కేసులో రెండున్నరేళ్ళకల్లా, 1995 సెప్టెంబరులో, గుంటూరు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయం చేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి క్షమాభిక్ష తోసిపుచ్చారు. 1997 మార్చిలో ఉరికి రోజు కూడా పెట్టేశారు. నేరం జరిగిన నాలుగేళ్ళకు తాడు మెడ దాకా వచ్చింది. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు కలిసి చేసిన ప్రయత్నం వల్ల ఆఖరి గడియల్లో సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ హయాంలో అది యావజ్జీవంగా మారింది.

చుండూరు కేసులో మొదటి తీర్పు రావడానికే పదహారేళ్ళు పట్టింది. 2007 జులై 31న ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది ఖైదు వేసి, 123 మందిని వదిలేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ మిగిలిన శిక్షలు కూడా కొట్టేసింది. ఎనిమిది శవాలున్నాయి, చంపిన వాడు మాత్రం ఒక్కడూ లేడు! ఆ తీర్పు మీద అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి.

ఒక దాంట్లో నాలుగేళ్ళలో ఉరి ముహూర్తం, ఇంకో దాంట్లో ఇరవై మూడేళ్ళ తర్వాత సున్నా. దీన్ని "న్యాయంలో జాప్యం" అని సరిపెట్టుకునే వాళ్ళున్నారు. జాప్యమే అయితే అది అందరికీ సమానంగా ఉండాలి కదా. ఉరి కంబం దగ్గరికి నడిపించాల్సి వచ్చినప్పుడు ఇదే వ్యవస్థ చకచకా నడిచింది. కనక నడవడం రాక కాదు, ఎవరి కోసం నడవాలో దానికి తెలుసు.

తీర్పుల్ని ఎలా చదవాలి

మన సాహిత్య విమర్శకులు ఒక కథనో నవలనో చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేస్తారు. ఇందులో ఎవరి మాట నమ్మమంటున్నారు? ఎవరికి పేరుంది, ఎవరు ఊరకే "గుంపు"? ఎవరి కష్టానికి కారణాలు వెతికారు, ఎవరి దుర్మార్గాన్ని పుట్టుబుద్ధిగా వదిలేశారు? ఈ ప్రశ్నల్నే కోర్టు తీర్పుల మీద ఎందుకు వేయకూడదు అని మా ప్రశ్న. తీర్పు కూడా ఒక రచనే. దాన్ని రాసిన వాళ్ళకీ ఒక లోకం, ఒక పెంపకం, ఒక వీధి ఉంటాయి. దళిత విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తీర్పుల్ని వకీళ్ళకు వదిలేసి, వార్తాపత్రికలో "కొట్టేశారు" అన్న ఒక్క ముక్క చదివి ఊరుకుంటున్నాం. అది మన లోపం.

శిక్షల్లో వివక్ష అనగానే "వాడికి పదేళ్ళు, వీడికి రెండేళ్ళు" అనే లెక్క దగ్గర ఆగిపోతాం. నిజానికి శిక్ష పరిమాణం ఆఖరి మెట్టు. కులం అక్కడి దాకా రాకముందే తన పని చాలా భాగం చేసేస్తుంది. మేం గమనించిన మేరకు అది నాలుగు చోట్ల పనిచేస్తుంది: అనుమానంలో, ఉద్దేశంలో, శిక్ష కొలతలో, విడుదలలో. ఒక్కొక్కటే చూద్దాం.

అనుమానం

"నూరుగురు దోషులు తప్పించుకున్నా ఫర్వాలేదు, ఒక్క నిర్దోషికీ శిక్ష పడకూడదు" అని అందరూ వల్లిస్తారు. మంచి సూత్రమే. అనుమానం మిగిలితే ఆ లాభం ముద్దాయికి పోవాలి. దీన్నే సంశయ లాభం అంటారు. మా మాటల్లో చెప్పాలంటే, లాభాలన్నిట్లాగే ఈ లాభం కూడా ఆస్తిని బట్టీ కులాన్ని బట్టీ పంపకం అవుతోంది.

తమిళనాడులో తంజావూరు ప్రాంతపు కీళ్వెన్మణి సంగతి తీసుకోండి. 1968 డిసెంబరు 25 రాత్రి కూలి కోసం పోరాడుతున్న దళిత కుటుంబాల వాళ్ళని, ఆడవాళ్ళూ పిల్లలే ఎక్కువ, 44 మందిని ఒక గుడిసెలో కాల్చేశారు. సెషన్స్ కోర్టు భూస్వాములకు శిక్ష వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు వాళ్ళని వదిలేసింది. కారణాల్లో ఒకటి ఇది: ముద్దాయిలు భూములున్న వాళ్ళు, వాళ్ళలో ఒకరికి కారు కూడా ఉంది. అలాంటి వాళ్ళు పనివాళ్ళని పంపకుండా, స్వయంగా నడుచుకుంటూ వెళ్ళి ఇళ్ళు తగలబెట్టారంటే నమ్మడం కష్టం!

ఇక్కడ కారు ఉండడమే ఒక సాక్ష్యం అయింది. భూమి ఉండడం నిర్దోషిత్వానికి గుర్తు అయింది. పల్లెల్లో పెరిగిన వాళ్ళెవరికైనా తెలుసు, కూలోళ్ళు ఎదురు తిరిగిన రోజున దొర ఇంట్లో కూర్చోడు, ముందుండి నడిపిస్తాడు. ఆ అనుభవం తీర్పు రాసే వాళ్ళకి లేదు. ఉన్నది "పెద్దమనిషి" అనే ఊహ. ఆ ఊహ నుంచే అనుమానం పుట్టింది. 44 మంది బూడిద మీద ఆ అనుమానమే గెలిచింది.

చుండూరులో హైకోర్టు చెప్పిన కారణాలు వేరు. చావు సంభవించిన కచ్చితమైన సమయం రుజువు కాలేదట, చోటు రుజువు కాలేదట, ఎవరు ఎవర్ని కొట్టారో రుజువు కాలేదట. పరుగెత్తుతున్న వాడు, వెనక కత్తులతో గుంపు వస్తుంటే, గడియారం చూసుకోవాలా? సర్వే నంబరు రాసుకోవాలా? మూకుమ్మడి దాడిలో ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో విడివిడిగా చెప్పమనడం అంటే, మూకుమ్మడిగా చంపితే చాలు శిక్ష పడదని చెప్పడమే. గుంపు నేరానికి గుంపంతా బాధ్యత వహించాలని చెప్పే సెక్షను మన శిక్షాస్మృతిలో బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. రైతులూ కూలీలూ ఊరేగింపు తీస్తే దాన్ని వాడడం పోలీసులకు బాగా తెలుసు.

బీహారుకి వెళ్దాం. అక్కడ రెండు వైపులా మారణకాండలు జరిగాయి గనక పోల్చి చూడడానికి వీలుంది. 1996 జులైలో బథానీ టోలాలో 21 మందిని, 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాతేలో 58 మందిని రణవీర్ సేన చంపింది. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది దళితులు, పేద కులాల వాళ్ళు, ముస్లింలు. కింది కోర్టులు 2010లో శిక్షలు వేశాయి. బాతే కేసులో 16 మందికి ఉరి కూడా వేశారు. 2012లో బథానీ టోలా ముద్దాయిల్నీ, 2013 అక్టోబరులో బాతే ముద్దాయిల్నీ పాట్నా హైకోర్టు వదిలేసింది. సాక్షులు చెప్పింది నమ్మదగ్గదిగా లేదంది.

ఇక బారా. గయ జిల్లాలో 1992 ఫిబ్రవరిలో నక్సలైట్లు భూమిహార్ కులస్తుల్ని 30 మందికి పైగా చంపారు. అదీ ఘోరమే. ఆ కేసును టాడా కింద నడిపారు. టాడాలో హైకోర్టుకు అప్పీలు లేదు, నేరుగా సుప్రీంకోర్టే. అంటే రణవీర్ సేన ముద్దాయిలకి ఎక్కడానికి రెండు మెట్లుంటే, బారా ముద్దాయిలకి ఒకటే మెట్టు. 2001లో నలుగురికి ఉరి వేశారు. ఆ నలుగురిలో దళితులే ఎక్కువ. 2002లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు ఒప్పుకోలేదు. ఒక ముద్దాయిని వదిలేయాలని, మిగతావారికి ఉరి తగదని జస్టిస్ ఎం.బి. షా విడిగా తీర్పు రాశారు. అయినా ఇద్దరి మాటే చెల్లింది. దర్యాప్తులో లోపాలు ఉన్నంత మాత్రాన కేసు కూలిపోదని ఆ మెజారిటీ తీర్పు చెప్పింది.

ఈ వాక్యం దగ్గర కాస్త ఆగుదాం. దర్యాప్తు లోపాల వల్ల కేసు కూలిపోదు అన్న సూత్రం మంచిదే అయితే, అది చుండూరుకి ఎందుకు వర్తించలేదు? బాతేకి ఎందుకు వర్తించలేదు? చంపింది పేద కులాల వాళ్ళని చెబుతున్న చోట దర్యాప్తు లోపం చిన్న విషయం. చంపించుకున్నది పేద కులాల వాళ్ళయిన చోట అదే లోపం కొండంత. ముగ్గురు పెద్ద న్యాయమూర్తులే ఒక్క మాట మీద లేనప్పుడు అంతకంటే "సహేతుకమైన అనుమానం" ఏముంటుంది? అయినా ఆ నలుగురూ 2017 జనవరిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఉరిని యావజ్జీవంగా మార్చేదాకా తాడు నీడలోనే బతికారు.

సంశయ లాభాన్ని తీసేయమని మేం అనడం లేదు. అది తీసేస్తే ముందు జైళ్ళకి పోయేది మన పిల్లలే. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణ పూర్తికాని వాళ్ళే అని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. 5,73,220 మందిలో 4,34,302 మంది. వీళ్ళలో ఎంతమందికి ఈ లాభం దక్కింది? జామీను పూచీకి ఆస్తి కాగితం లేక లోపల మగ్గే వాడికి అనుమానం వల్ల ఒరిగేదేమిటి? మేం అడిగేది ఒకటే. ఆ లాభం ఊరికి ఎంత దక్కుతోందో వాడకీ అంతే దక్కాలి.

ఉద్దేశం

రెండో చోటు, ఉద్దేశం. 1989 నాటి షెడ్యూల్డ్ కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం పెద్ద పోరాటాల ఫలితం. కారంచేడు తర్వాత మన రాష్ట్రంలో లేచిన ఉద్యమం కూడా దాని వెనక ఉంది. ఆ చట్టంలో 3(2)(5) సెక్షను చాలా బరువైంది. పదేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాన్ని దళితుల మీద, ఆదివాసుల మీద చేస్తే యావజ్జీవం. అయితే అందులో ఒక మెలిక పెట్టారు. బాధితులు ఆ కులం వాళ్ళు అన్న "కారణం మీద" నేరం చేసి ఉండాలి.

కొట్టే వాడు "నువ్వు ఫలానా కులం గనక కొడుతున్నా" అని చెప్పి కొడతాడా? చెప్పినా సాక్షి ఎవరు? ఈ మెలికలో పడి ఎన్ని కేసులు చచ్చాయో లెక్క లేదు.

ఖైర్లాంజీ అందరికీ తెలుసు. మహారాష్ట్ర భండారా జిల్లాలో 2006 సెప్టెంబరు 29న ఒక బౌద్ధ దళిత కుటుంబంలో నలుగుర్ని, తల్లినీ ముగ్గురు పిల్లల్నీ, ఊరు ఊరంతా చూస్తుండగా చంపారు. 2008లో కోర్టు ఆరుగురికి ఉరి, ఇద్దరికి యావజ్జీవం వేసింది. చాలా చోట్ల మనవాళ్ళు న్యాయం జరిగిందనుకున్నారు. కానీ ఆ తీర్పులోనే అత్యాచారాల నిరోధక చట్టం కింది నేరాలు రుజువు కాలేదన్నారు. అది కుల హత్య కాదట, పగ తీర్చుకోవడమట. 2010లో హైకోర్టు నాగపూర్ బెంచి ఉరిని 25 ఏళ్ళ ఖైదుగా మార్చింది. కులం మాట మాత్రం మళ్ళీ లోపలికి రానివ్వలేదు.

ఇది బాగా అర్థం చేసుకోవాల్సిన సంగతి. ఖైర్లాంజీలో మనకి మొదట ఉరి ఇచ్చారు, దాని చాటున కులాన్ని పట్టుకుపోయారు. ఆఖరికి ఉరీ లేదు, కులమూ లేదు. పగ అన్నారు సరే, ఆ పగ ఎందుకు పుట్టింది? ఒక దళిత స్త్రీ పొలం దున్నుకుని, పిల్లల్ని చదివించుకుని, తల ఎత్తుకుని బతకడం వల్ల కాదా? కులానికీ పగకీ మధ్య గోడ కట్టగలిగిన వాళ్ళు కులాన్ని ఎప్పుడూ అనుభవించని వాళ్ళే.

ఇటీవల మన ఆంధ్రప్రదేశ్ కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పుట్టుకతో చూపులేని ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అత్యాచార నేరానికి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. కులం, ఆడపుట్టుక, అంగవైకల్యం ఒకదాని మీద ఒకటి పడి ఎలా నలిపేస్తాయో ఆ తీర్పు చాలా వివరంగా, సానుభూతిగా రాసింది. అంతా రాశాక, కులం కారణంగా చేశాడనడానికి విడిగా సాక్ష్యం లేదని 3(2)(5) కింద శిక్ష కొట్టేసింది. మంచి మనసున్న న్యాయమూర్తులు కూడా ఆ మెలిక దగ్గర ఆగిపోయారు. కనక ఇది ఒక్కొక్క న్యాయమూర్తి గుణం సంగతి మాత్రమే కాదు, చట్టం రాసిన తీరు సంగతి కూడా.

దళిత సంఘాలు పట్టుబట్టగా 2016 జనవరి 26 నుంచి ఆ సెక్షను మారింది. బాధితుల కులం ముద్దాయికి తెలిసి ఉంటే చాలు. ఇది మనం గెలుచుకున్నదే. అయితే పాత నేరాలకు పాత మాటే వర్తిస్తుంది. కొత్త నేరాల్లోనైనా కులం తెలిసే చేశాడన్న సంగతి చార్జిషీటులో రాయించాలి. అలా రాయించే పని పోలీసులు చేయరు, మనం దగ్గరుండి చేయించాలి.

కొలత

మూడో చోటు, కొలత. నేరం రుజువయ్యాక ఎంత శిక్ష వేయాలో న్యాయమూర్తి విచక్షణకి వదిలేస్తారు. వయసు, కుటుంబం, చదువు, సమాజంలో స్థానం, ఇదివరకు నేరాలున్నాయా, ఇవన్నీ చూడమంటారు. పైకి బాగానే ఉంది. కానీ ఆ జాబితా చదవండి. మంచి కుటుంబం ఎవరికుంది? చదువు ఎవరికుంది? సమాజంలో స్థానం ఎవరికుంది? శిక్ష తగ్గించే కారణాలన్నీ ఆధిపత్య కులాల ఇంటి సామాన్లే. దళితుడి దగ్గర ఉన్నది పేదరికం ఒక్కటే. దాన్ని దయ చూపడానికి కారణంగా ఒకోసారి, నేరం చేయడానికి కారణంగా ఇంకోసారి వాడుకుంటారు.

దీనికి పాత మూలం ఉంది. ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేర్వేరు శిక్షలు రాసింది మనుస్మృతి. మిగతా వర్ణాలకి ప్రాణం తీసే శిక్ష పడే చోట బ్రాహ్మణుడికి గుండు గీస్తే చాలంది ఎనిమిదో అధ్యాయం. రాజ్యాంగం వచ్చాక మనువు చట్టం పోయింది. గుండు మాత్రం ఊళ్ళల్లో మిగిలింది, మన తలల మీదికి మారింది.

1996 డిసెంబరు 29న, అప్పటి తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకుల్ని హింసించి, ఇద్దరికి గుండ్లు గీసి, కనుబొమలు తీసేశారు. ఈ కేసు తీర్పు 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో వచ్చింది. ఇరవై ఏడేళ్ళు దాటాక! ఎమ్మెల్సీ తోట త్రిమూర్తులుతో పాటు ముద్దాయిలకి పద్దెనిమిది నెలల జైలు శిక్ష వేసింది. ఆ రోజే జామీను దొరికింది. రెండేళ్ళు, ఆ పైన శిక్ష పడితే ఎన్నికల్లో పోటీకి అనర్హత వస్తుంది. పద్దెనిమిది నెలలు ఆ గీతకి ఇవతల ఉంది. శిక్ష పడిన వాళ్ళకి అప్పీలు హక్కు ఉంది, కాదనం. కానీ ఆ మరుసటి నెలే ఆయన మండపేట నుంచి శాసనసభకు పోటీ చేశారు. గుండు గీయించుకున్న వాళ్ళు ఆ ఇరవై ఏడేళ్ళూ ఏం చేశారు? వాయిదాలకు తిరిగారు. పద్దెనిమిది నెలల శిక్ష ఎవరిది, ఇరవై ఏడేళ్ళ శిక్ష ఎవరిది?

కారంచేడు మాటా చెప్పుకోవాలి. 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపారు. సెషన్స్ కోర్టు వేసిన శిక్షల్ని 1998లో హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో, ఇరవై మూడేళ్ళ తర్వాత, సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం వేసి మిగతా వాళ్ళకి మూడేళ్ళతో సరిపెట్టింది. కారంచేడు దళితులు అప్పటికే చీరాలకు తరలిపోయి కొత్త జీవితం కట్టుకున్నారు. సొంత ఊరు వదులుకోవడం ఏ సెక్షను కింద పడిన శిక్ష?

విడుదల

నాలుగో చోటు, జైలు తలుపు. శిక్ష పడ్డాక కూడా కులం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఊడ్చే పని ఒక కులానికి, వంట పని ఇంకో కులానికి పంచిపెట్టే జైలు నిబంధనల్ని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. సంతోషమే. కానీ రాజ్యాంగం వచ్చిన డెబ్బై నాలుగేళ్ళ దాకా అవి పుస్తకాల్లో బతికే ఉన్నాయి కదా! అవి వంశపారంపర్యంగా నేరస్తులని కొన్ని జాతుల మీద ముద్ర వేసిన 1871 నాటి చట్టం పిల్లలే. ఆ చట్టం తర్వాతి రూపం కిందే మన ఎరుకల వాళ్ళని స్టువర్టుపురంలో సెటిల్మెంటు పెట్టి ఉంచారు. 1952లో చట్టం పోయింది. దొంగతనం జరిగితే ముందు ఆ పేటకి వెళ్ళే అలవాటు పోలీసులకి పోలేదు.

ఇంకో పక్క చూడండి. గుజరాత్‌లో 2002లో బిల్కిస్ బానో మీద సామూహిక అత్యాచారం చేసి, ఆమె కుటుంబాన్ని చంపిన కేసులో యావజ్జీవం పడ్డ 11 మందిని 2022 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినం నాడు, వదిలేశారు. విడుదలకి సిఫారసు చేసిన కమిటీలో ఉన్న ఒక శాసనసభ్యుడు, వాళ్ళలో కొందరు బ్రాహ్మణులనీ మంచి సంస్కారం ఉన్నవాళ్ళనీ బాహాటంగా అన్నాడు. మనువు ఎక్కడున్నాడని అడిగే మిత్రులకి ఇంతకంటే జవాబు ఏం కావాలి? 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలని రద్దు చేసి, మళ్ళీ జైలుకి పంపింది. ఒక ముస్లిం స్త్రీ, ఆమె వెనక నిలబడ్డ స్త్రీలు పోరాడబట్టి పంపింది.

మరి మనం ఏం అడగాలి?

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఎక్కడ దళితుల మీద దాడి జరిగినా మన ఊరేగింపుల్లో మొదటి నినాదం "ఉరి తీయాలి" అనే. ఆ కోపం ఎక్కడి నుంచి వస్తుందో మాకు తెలుసు, మేమూ ఆ నినాదం ఇచ్చిన వాళ్ళమే. "వాళ్ళు మనల్ని చంపితే మనం కనీసం ఉరి కూడా అడగకూడదా, మానవ హక్కులు మాట్లాడేది మా శవాల మీదేనా?" అని యువకులు అడుగుతున్నారు. ఆ ప్రశ్నని పక్కకి నెట్టే హక్కు ఎవరికీ లేదు. దానికి జవాబు చెప్పాలి.

మా జవాబు ఇది. మనం పేనిన తాడు మన మెడకే పడుతోంది. పైన చెప్పిన కేసుల్ని మళ్ళీ చూడండి. దళితుల్ని చంపిన వాళ్ళకి వేసిన ఉరిశిక్షలు బాతేలో పోయాయి, ఖైర్లాంజీలో పోయాయి. సుప్రీంకోర్టు దాకా నిలబడి, క్షమాభిక్ష గుమ్మం దాకా వెళ్ళిన ఉరిశిక్షలు చిలకలూరిపేట బస్సు కేసువి, బారా కేసువి. ఉరి మనకి న్యాయం చేసిన ఉదాహరణ వీటిలో ఒక్కటీ లేదు, మనవాళ్ళ మెడ దగ్గరికి వచ్చిన ఉదాహరణలున్నాయి.

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో ఉరిశిక్ష పడ్డ ఖైదీల మీద పెద్ద అధ్యయనం అచ్చు వేసింది. వాళ్ళలో 76 శాతం మంది వెనుకబడిన కులాలు, దళితులు, ఆదివాసులు, మత మైనారిటీలకు చెందిన వాళ్ళు. ఈ ఒక్క అంకె పట్టుకుని వాదన గెలిచామనుకోవద్దు, ఈ వర్గాలు జనాభాలోనూ ఎక్కువే. అసలు మాట రెండో అంకెలో ఉంది. 74 శాతం మంది ఆర్థికంగా బలహీన స్థితిలో ఉన్నవాళ్ళు. మంచి వకీలుని పెట్టుకోలేని వాడే ఉరి కంబం దాకా వెళతాడని దాని అర్థం. ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనని 1980లో సుప్రీంకోర్టు అన్నప్పుడు ఒప్పుకోని జస్టిస్ భగవతి, అది పేదవాళ్ళ మీదే పడే శిక్ష అని తర్వాత తన కారణాల్లో రాశారు. మెజారిటీ ఆయన మాట వినలేదు. జైళ్ళు మాత్రం ఆయన మాటే నిజమని చెబుతున్నాయి.

ఉరి అడగడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఉరి అంటే ఒకరిద్దరి మీద గురి. చుండూరులో చంపింది ఒకరిద్దరు కాదు, భూమీ కులమూ కలిసిన ఒక పెత్తనం. ఒకడికి ఉరేసి మిగతా పెత్తనాన్ని భద్రంగా ఇంటికి పంపించేయడం రాజ్యానికి సుళువు. మనకి కావలసింది అందరికీ, తప్పించుకోలేని, సకాలంలో పడే శిక్ష. ఎక్కువ శిక్ష కంటే తప్పని శిక్షకే పెత్తనం భయపడుతుంది.

దానికి దారులు చట్టంలోనే ఉన్నాయి, మనమే వాడుకోవడం లేదు. చార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ, మూడు నెలల్లో అప్పీలు వీలైనంత వరకు ముగించాలని 2016 సవరణ చెబుతోంది. జామీను, విడుదల, పెరోలు, శిక్ష, ఏ విషయంలోనైనా బాధితుల మాట వినాలని 15ఎ సెక్షను చెబుతోంది. ఈ చట్టం కింద నేరం రుజువైన పెద్దవాళ్ళని "మంచి నడవడి" పేరు మీద శిక్ష లేకుండా వదలడానికి వీల్లేదని 19వ సెక్షను చెబుతోంది. బాధితులు కోరుకున్న వకీలుని పెట్టించుకునే వీలు 1995 నియమాల్లోనే ఉంది. చుండూరు దళితులు ఊళ్ళోనే కోర్టు పెట్టాలని పట్టుబట్టి పెట్టించుకున్నారు. బొజ్జా తారకం గారు ప్రత్యేక ప్రాసిక్యూటరుగా నిలబడ్డారు. సాక్షులు పదహారేళ్ళు చెదరకుండా నిలబడ్డారు. హైకోర్టులో ఓడినా ఆ సాక్షుల నిలకడ ఓడిపోలేదు. దళిత కూలీ చెప్పిన మాట మీద 21 మంది పెత్తందార్లకి యావజ్జీవం పడొచ్చని ఆ ఊరు చూసింది.

కనక మా విన్నపం ఇది. ప్రతి జిల్లాలో విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి అత్యాచార కేసుల తీర్పులు తెచ్చుకుని చదవాలి. ఎవరికి అనుమానం లాభమైంది, ఎవరికి నష్టమైంది, ఏ కారణం రాసి శిక్ష తగ్గించారు, అప్పీలు వేయాల్సిన ప్రభుత్వం గడువు దాటనిచ్చిందా, అని ఒక్కొక్క కేసుకీ లెక్క రాయాలి. కార్యకర్తలు ఎఫ్ఐఆర్ రోజు నుంచి శిక్ష రోజు దాకా బాధితుల పక్కన ఉండాలి. శవం దగ్గర ఊరేగింపు తీసి, వాయిదా రోజున కనిపించకపోవడం మన ఉద్యమాలకి అలవాటైంది. పెత్తందార్లు ప్రతి వాయిదాకీ వస్తారు. మన సాక్షి ఒంటరిగా కోర్టు వరండాలో కూలి పోగొట్టుకుని నిలబడతాడు.

ఆ వరండాలో అతని పక్కన నిలబడడంతోనే తూకం మారడం మొదలవుతుంది.